వార్డు నుండి వాకిటికి: నర్సు పరిచర్య నడచిన దారిపై కొన్ని చారిత్రక పరిశీలనలు

మేము గురువుగా అభిషేకము పొందిన తొలి సంవత్సరాలలో మా ప్రాంతపు మిషను ఆసుపత్రి ఒకటి డబ్బు చాలక రెండు వార్డులు మూసివేసింది. ఆ వార్డుల్లో పనిచేస్తున్న నర్సులలో నలుగురిని చుట్టుపట్ల గ్రామాల ఆరోగ్య కేంద్రాలకు మార్చారు. ఆ నెల పాస్టర్ల సహవాస కూటములో ఈ సంగతి ప్రార్థన మనవిగా వచ్చింది. "పాపం, ఊళ్ళమీదికి తోలేశారు" అన్నారు ఒక పెద్దలు. వారు నలుగురూ తిరిగి ఆసుపత్రికి రాగలుగునట్లు ప్రభువు ద్వారము తెరవవలెనని అందరి పక్షముగా ప్రార్థించినది మేమే. కూటము అంతా ఆమేన్ అన్నది.

ఆ ప్రార్థన వెనుక ఒక నమ్మకమున్నది. ఆసుపత్రి పని పై మెట్టు, గ్రామ పని కింది మెట్టు అన్నదే ఆ నమ్మకము. అది లేఖనము నుండి వచ్చినదా, సంఘ చరిత్ర నుండి వచ్చినదా, లేక మన ఊళ్ళ నుండి వచ్చినదా అనే ప్రశ్న చాలా కాలము తరువాత గాని మాకు తట్టలేదు. ఈ వ్యాసములో ఆ ప్రశ్ననే పరిశీలించ తలంచాము.

లేఖనము సంగతి ముందు చూద్దాము. లూకా 10వ అధ్యాయములో ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు వారికి రోగులను స్వస్థపరచే పని అప్పగించాడు. అయితే ఆ పని ఎక్కడ చేయవలెను? ఇతరుల ఇంట. వారు పెట్టినది తిని, వారి కప్పు కింద ఉండి చేయవలెను. సంచి, జాలె, చెప్పులు కూడ వద్దన్నాడు. అనగా స్వస్థపరచువాడు అక్కడ అతిథి, రోగి ఇంటివాడు. ఈ వరుస గుర్తుంచుకొనవలసినది, ఎందుకంటే ఆసుపత్రిలో ఇది తలక్రిందులవుతుంది. అక్కడ మంచము మనది, గంట మనది, గంజి వేళ మనది. రోగి మన దగ్గరకు వచ్చినవాడు.

తలక్రిందులు కావడము చెడ్డదని మా భావము కాదు. నాలుగవ శతాబ్దములో కైసరయ బిషప్పు బాసిలు పట్టణము వెలుపల రోగులకు, కుష్ఠరోగులకు, పరదేశులకు ఆశ్రయము కట్టించినప్పుడు, రోమాలో ఫబియోలా అను ధనవంతురాలు వీధుల్లో పడియున్నవారిని చేర్చి తన చేతులతో సేవ చేసినప్పుడు, ఇల్లు లేనివారికి ఇల్లు దొరికింది. ఆసుపత్రి సంఘము లోకమునకిచ్చిన గొప్ప కానుకలలో ఒకటి. కాని కానుక ఇచ్చినవారు ఆ కానుకలోనే నివాసముండిపోవడము కూడ జరుగుతుంది.

ఆధునిక నర్సింగు కథను సాధారణముగా ఫ్లారెన్స్ నైటింగేల్‌తో ఆరంభిస్తారు. సంఘ చరిత్ర విద్యార్థులు అంతకంటె కొంచెము వెనుకకు, జర్మనీలో రైను నది ఒడ్డున ఉన్న కైసర్స్‌వెర్త్ అను చిన్న ఊరికి వెళ్ళాలి. అక్కడి పేద పాస్టరు థియోడర్ ఫ్లీడ్నరు 1836లో స్త్రీల పరిచారికా గృహమును, దానితోపాటు ఒక ఆసుపత్రిని ప్రారంభించాడు. రోమా పత్రిక 16వ అధ్యాయములో కెంక్రేయలోని సంఘ పరిచారకురాలని పౌలు పరిచయము చేసిన ఫీబే వారికి మాదిరి. ఆసుపత్రిలో తర్ఫీదు పొందిన ఆ పరిచారికలు కొందరు ఆసుపత్రుల్లోనే ఉండిపోగా, కొందరు స్థానిక సంఘములకు వెళ్ళి ఇంటింటి సేవ చేశారు. నైటింగేల్ 1850లో అక్కడకు వచ్చి చూచి, 1851లో మరల వచ్చి సుమారు మూడు నెలలు శిక్షణ పొందింది.

అయితే వార్డు నుండి ఇంటికి నర్సు వేసిన అడుగు ఎట్టిదో మనకు స్పష్టముగా కనబడేది ఇంగ్లండులోని లివర్‌పూల్ పట్టణములో. విలియం రాత్‌బోన్ అక్కడి పెద్ద వర్తకుడు. 1859లో అతని భార్య జబ్బుపడి చనిపోయింది. ఆమె చివరి దినములలో మేరీ రాబిన్సన్ అను నర్సు దగ్గరుండి చూచుకొన్నది. ఇంత ధనమున్న ఇంట కూడ నర్సు సహాయము ఇంత ఆదరణ అయితే, ఒక్క గదిలో సంసారమంతా ఉండే పేదల సంగతేమిటని రాత్‌బోన్ ఆలోచించాడు. మేరీ రాబిన్సన్‌నే మూడు నెలలకు జీతమిచ్చి, కావలసిన మందులు, పరుపులు, ఆహారము సమకూర్చి, పేదవాడల్లోని రోగుల ఇండ్లకు పంపాడు.

ఒక నెల కాకముందే ఆమె ఏడ్చుకొంటూ తిరిగి వచ్చింది. ఈ దైన్యము చూడలేను, నన్ను విడిచిపెట్టండి అన్నది. మంచి నర్సే, పనికి వెరచేది కాదు. మరి ఏమి జరిగింది? జీతమిచ్చి పిలిపించుకొన్న ఇంట నర్సు అడిగినది చేతికి వస్తుంది. వార్డులోనూ అంతే. గాయము కట్టాలంటే కట్టుగుడ్డ ఉంటుంది, కడగాలంటే వేడి నీళ్ళుంటాయి, రోగి పక్కన వేరొకరు పడుకొనరు. ఇక్కడ కట్టు కట్టవలసిన కాలు ఉన్న మంచము మీదే ముగ్గురు పిల్లలు నిద్రపోతారు, నీళ్ళు వీధి చివర నుండి మోసుకొని రావాలి, తండ్రికి పని లేదు. జబ్బు ఎక్కడ ముగిసి దారిద్ర్యము ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మూడు నెలలు పూర్తి చేయమని రాత్‌బోన్ బ్రతిమాలాడు. పూర్తి చేసింది. చివరకు ఆమె తన పాత పనికి తిరిగి వెళ్ళుటకు ఇష్టపడక, ఈ పనిలోనే ఉంటానన్నది. ఈ సంగతిని వ్రాసేవారు సాధారణముగా చివరి మాటనే ఎత్తి చూపుతారు. ఆ మొదటి నెల కన్నీటిని కూడ లెక్కలో ఉంచుకొనవలెనని మా మనవి. ఎందుకో ముందుకు పోగా తేలుతుంది.

రాత్‌బోన్ ఇంకా నర్సులు కావాలని వెదికితే శిక్షణ పొందినవారు దొరకలేదు. నైటింగేల్‌ను సలహా అడిగాడు. మీ ఊళ్ళోనే శిక్షణ ఇచ్చుకొనండని ఆమె జవాబిచ్చింది. 1860 దశకములో లివర్‌పూల్‌ను 18 భాగములుగా విభజించి ఒక్కొక్క భాగమునకు నర్సును ఏర్పాటు చేశారు. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి స్త్రీలు కూర్చిన కానుక నుండి 70,000 పౌండ్లు ఇదే పనికి కేటాయింపబడి, అది దేశమంతటి ఏర్పాటయింది. నైటింగేల్ ఈ విషయములో వ్రాసిన రెండు తలంపులు మన పాస్టర్ల కూటము వినియుంటే మా ప్రార్థన మారియుండేదేమో. మొదటిది, ఆసుపత్రి అనేది నడుమ మజిలీ మాత్రమే, నర్సింగు చేరవలసిన ఊరు రోగి ఇల్లేనని ఆమె నమ్మకము. రెండవది, ఇంటింటికి వెళ్ళే నర్సుకు ఆసుపత్రి నర్సుకంటె ఎక్కువ తర్ఫీదు కావాలి, ఎందుకంటే పిలిస్తే పలికే డాక్టరు అక్కడ ఉండడు, రోగితోపాటు రోగి ఉన్న గదికి కూడ చికిత్స చేయవలసియుంటుంది. కింది మెట్టని మనము అనుకొన్నదానికి ఆమె పైచదువు అడిగింది.

అదే కాలములో లండనులో ఎలెన్ రాన్యార్డ్ అను స్త్రీ వేరొక దారిలో అదే చోటికి వచ్చింది. 1857లో ఆమె పేదవాడలకు అదే వాడలోని స్త్రీని బైబిలు పట్టించి పంపడము మొదలుపెట్టింది. మన తెలుగు సంఘాల్లో "బైబిలు స్త్రీ" అని నేటికీ పెద్దలు పలికే మాట ఆ పిలుపులోనుండే మనకు వచ్చింది. 1868 నుండి ఆమె వారిలో కొందరికి ఆసుపత్రిలో తర్ఫీదిప్పించి నర్సులుగా పంపింది. ఒక చేత బైబిలు, ఒక చేత కట్టుగుడ్డలు. తరువాత వచ్చిన జిల్లా నర్సుల సంస్థలు దీనికి భిన్నముగా, నర్సు భిక్షమియ్యకూడదు, రోగి మతము జోలికి పోకూడదు అని నియమము పెట్టుకొన్నాయి. ఈ రెంటిలో ఏది సరియైనదని సెమినరీ తరగతుల్లో వాదన పెట్టవచ్చు. ఇతరుల ఇంట అతిథిగా అడుగుపెట్టినవారికి ఇంటివారు అడుగనిది మాట్లాడే హక్కు ఎంతవరకున్నదో లూకా 10 చదివి తేల్చుకొనడము మంచిది. మా మట్టుకు మాకు, రాన్యార్డ్ చేసినదానిలో ఎక్కువ విలువైనది బైబిలు, కట్టుగుడ్డల కలయిక కాదు. ఆ వాడ స్త్రీనే ఆ వాడకు పంపడము.

ఇక మన తెలుగు దేశమునకు వద్దాము. ఇక్కడ కథ వెనుకనుండి ముందుకు నడిచింది. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టరు అన్నా సారా కుగ్లరు వైద్యురాలే అయినా, లూథరను స్త్రీల సంఘము ఆమెను మొదట జెనానా పనికి, బోధనకు నియమించింది. వైద్య మిషనెరీ అనే నియామకము 1885లో గాని రాలేదు. ఆమె వైద్యము ఇండ్లలోనూ చిన్న డిస్పెన్సరీలోనూ మొదలై, 1898లో ఆసుపత్రి అయింది. లివర్‌పూల్ వార్డు నుండి ఇంటికి వెళ్తే, గుంటూరు ఇంటి నుండి వార్డుకు వచ్చింది. కారణాలు ఊహించడము కష్టము కాదు. ఘోషా ఇంటి చీకటి గదిలో, మైలగదిలో శస్త్రచికిత్స చేయలేరు. శుభ్రమైన చోటు కావాలి. పైగా నర్సులకు నేర్పే బడి కావాలంటే వార్డు ఉండాలి.

ఆ బడికి ఎవరు వచ్చారు? మలమూత్రాలు, రక్తము, పురుటి మైల ముట్టవలసిన పనికి పెద్ద కులముల ఇండ్ల నుండి ఆడపిల్లలు రాలేదు. క్రైస్తవ ఇండ్ల పిల్లలు వచ్చారు. స్వాతంత్ర్య కాలము వరకు ఈ దేశపు నర్సులలో ఎక్కువమంది క్రైస్తవులే, వారిలో ఎక్కువమంది మిషను ఆసుపత్రుల్లో నేర్చుకొన్నవారే. మన ప్రాంతములో ఆ పిల్లల్లో చాలామంది మాలపల్లెల నుండి, మాదిగపల్లెల నుండి వచ్చినవారని మనకందరికీ తెలుసు, బహిరంగముగా వ్రాసుకొనము గాని.

వార్డు వారికి ఏమి ఇచ్చిందో ఆలోచించండి. తెల్లని దుస్తులు, తల మీద టోపీ, చేతిలో కేస్ షీటు. ఊళ్ళో తన తల్లిని వాకిట్లోకి రానియ్యని ఆసామి ఇక్కడ మంచము మీద పడుకొని ఆమె చేతి నీళ్ళతో మాత్ర మింగుతాడు. "అటు తిరుగు" అంటే తిరుగుతాడు. "నర్సమ్మ గారూ" అంటాడు. వార్డు గోడలు రోగిని ఉంచుటకే కాదు, ఆమెను కాపాడుటకు కూడ ఉన్నాయి. ఆ గోడల లోపల ఆమె కులము గేటు బయట ఆగిపోయేది. అన్ని ఆసుపత్రుల్లోనూ పూర్తిగా ఆగలేదు. అయినా బయటికంటె చాలా ఆగింది.

అట్టి స్త్రీని "వార్డు విడిచి గ్రామమునకు వెళ్ళు" అన్నప్పుడు ఆమె ఏమి విడుస్తున్నదో, ఆ మాట చెప్పినవారిలో ఎందరు లెక్కించారు? మేరీ రాబిన్సన్ విడిచినది శుభ్రమైన గదిని. మన నర్సు విడిచినది అంతకంటె ఎక్కువ.

ఆ మాట చెప్పినవారు సామాన్యులు కారు, చెప్పడము తప్పూ కాదు. 1946లో భోరు కమిటీ నివేదిక ఇచ్చిన లెక్క ప్రకారము అవిభక్త భారతదేశములో 43,000 మంది జనులకు ఒక నర్సు, 4 లక్షల మందికి ఒక హెల్త్ విజిటరు ఉన్నారు. వార్డులు ఎన్ని కట్టినా ఈ జనము వార్డుకు రాదు. 1964లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ప్రపంచ సంఘముల సమితి, లూథరను ప్రపంచ సమాఖ్య కలిసి ఏర్పాటు చేసిన సమావేశము మరియొక సంగతి తేల్చింది. స్వస్థపరచే పరిచర్య డాక్టర్లకు, ఆసుపత్రులకు అప్పగింపబడినది కాదు, సంఘమంతటికీ అప్పగింపబడినదన్నదే ఆ సంగతి. 1968లో ఏర్పడిన క్రైస్తవ వైద్య కమిషను దేశదేశాల మిషను ఆసుపత్రుల పద్దులు చూచినప్పుడు, సంఘముల వైద్య ధనము దాదాపు అంతా ఆసుపత్రి గోడల లోపలే ఖర్చవుతున్నదని, ఆ గోడలకు కొద్ది మైళ్ళ దూరాన ఉన్న బీదలకు అది అందడము లేదని తెలిసింది. ఈ కమిషను ఆలోచనలు ప్రపంచ ఆరోగ్య సంస్థను కూడ కదిలించాయి. 1978 ఆల్మా ఆటా ప్రకటన వెనుక వాటి ప్రభావమున్నది.

ఇల్లే వార్డు కాగలదని శాస్త్రీయముగా రుజువైనది కూడ మన పొరుగుననే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో అనేక మిషన్లు కలిసి 1915లో తెరచిన క్షయ శానిటోరియము గురించి పాఠకులకు చెప్పనవసరము లేదు. క్షయకు మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచము, ఇవే చికిత్స అనుకొనే కాలమది. 1950 ప్రాంతములో ఆ శానిటోరియము డాక్టర్లే గోడలు దాటి మదనపల్లె చుట్టుపట్ల గ్రామాల్లో ఇంటింటికి తిరిగి క్షయ ఎంత వ్యాపించినదో కొలిచారు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా కేంద్రము 193 మంది రోగులను రెండు వర్గములు చేసి, ఒకరిని శానిటోరియములోను, ఒకరిని ఇరుకిరుకు ఇండ్లలోను ఉంచి, ఇద్దరికీ అవే మాత్రలు సంవత్సరముపాటు ఇచ్చింది. 1959లో ఫలితము ప్రకటించారు. ఇంట ఉన్నవారు కూడ దాదాపు అంత బాగానే కోలుకొన్నారు, వారి కుటుంబ సభ్యులకు జబ్బు ఎక్కువగా అంటుకొననూ లేదు. మాత్ర పనిచేసింది, నిజమే. కాని ఆ మాత్ర మ్రింగుతున్నారో లేదో చూచుటకు చెప్పకుండ ఇంటికి వచ్చి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, మంచిమాట చెప్పి వెళ్ళిన నర్సులు, హెల్త్ విజిటర్లు లేకపోతే ఆ ఫలితమే లేదు. వారి పేర్లు ఎవరికి తెలుసు?

ఇన్ని రుజువులున్నా, మన నర్సుల నష్టము గురించిన ప్రశ్న మిగిలేయున్నది. దానిని ఎదుర్కొన్న ఒక చోటు మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన డాక్టర్లు రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు 1970లో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలోని ఆ కరువు ప్రాంతములో పని మొదలుపెట్టారు. తర్ఫీదు పొందిన యువ నర్సులను గ్రామాల్లో నివాసముంచాలని వారు మొదట ప్రయత్నించారు. అది సాగలేదు. ఒంటరి ఆడపిల్ల పరాయి ఊళ్ళో ఉండలేకపోయింది, ఊరు ఆమె మాట చెవిని పెట్టలేదు. అప్పుడు గ్రామ పెద్దలే మా ఊరి స్త్రీకే నేర్పించండి అన్న ఆలోచన ఇచ్చారు. అలా వచ్చినవారిలో చాలామంది అక్షరము రానివారు, అనేకులు దళిత స్త్రీలు, భర్తలు విడిచిపెట్టినవారు కూడ ఉన్నారు. రాన్యార్డ్ లండనులో చేసినదే ఇక్కడ మరల జరిగింది.

మరి నర్సు ఏమయింది? ఇంటికి పంపివేయలేదు. ఆమె గ్రామ స్త్రీలకు గురువై, తోడై, డాక్టరుతో పాటు బృందముగా ఊరూరు తిరిగింది. గ్రామ కార్యకర్తలు వారము వారము కేంద్రానికి వచ్చి, అన్ని కులములవారు కలిసి తిని, ఒకేచోట నిద్రించి నేర్చుకొనేవారు. అనగా ఊళ్ళోకి ఒంటరిగా ఎవరినీ పంపలేదు. వెనుక ఒక సమూహమున్నది. 1971లో ఆ గ్రామాల్లో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 176 మంది సంవత్సరము లోపే చనిపోయేవారని, 1976 నాటికి ఆ సంఖ్య 52కు తగ్గినదని వారి లెక్కలు చెప్పుచున్నవి. 1979లో ఆ దంపతులకు మెగసెసె అవార్డు వచ్చింది. వార్డు గోడలు తీసివేసినప్పుడు వాటి స్థానములో నర్సు చుట్టూ మనుషులు నిలబడాలని జామ్‌ఖేడ్ చరిత్ర చూపుతుందని మా అభిప్రాయము. ట్యూబింగెన్‌లో సంఘమంతటికీ అప్పగింపబడినదని అన్న పరిచర్య ఆచరణలో ఇదే అయియుండవలెను. మన వద్ద అప్పగింపబడినదని తీర్మానము చదివాము, నర్సును బస్సెక్కించాము.

మేము మొదట చెప్పిన నలుగురిలో ఇద్దరు ఆరు నెలల్లో రాజీనామా చేసి పట్టణములోని ప్రైవేటు ఆసుపత్రుల్లో చేరారు. ఒకరు గల్ఫు దేశమునకు వెళ్ళారు. మా ప్రార్థనకు జవాబు వచ్చినదని అప్పట్లో కొందరన్నారు. నాలుగవ ఆమె ఉండిపోయింది. చాలా సంవత్సరాల తరువాత, ఆమె విశ్రాంతి తీసుకొన్నాక, ఈ వ్యాసము కొరకు ఆమెను ఆ మొదటి రోజుల గురించి అడిగాము.

"వార్డులో పేషెంటు పేరు నేను చీటీ మీద చదువుకొనేదాన్ని అయ్యగారూ" అన్నది. "ఊళ్ళో వాళ్ళే నా పేరు అడిగారు. పేరు తరువాత ఇంకేమి అడుగుతారో మీకు తెలియనిదా? చెప్పాను. ఆ వేళ నుండి అరుగు కిందనే నిలబడి జ్వరము చూశాను. థర్మామీటరు వాళ్ళమ్మ చేతికిచ్చి, పెట్టి చూడమని, తిరిగి తీసుకొని చదివేదాన్ని. అట్లా ఆ ఊరి ఆడవాళ్ళందరికీ థర్మామీటరు పెట్టడము వచ్చేసింది." ఇది చెప్పి ఆమె నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

అరుగు ఎక్కమని ఎవరైనా ఎప్పుడన్నారని అడిగాము. ఒక ఇంట కాన్పు అడ్డము తిరిగి, జీపు వచ్చేవరకు రాత్రంతా ఆమె లోపలే ఉండవలసివచ్చిందట. తల్లి బ్రతికింది, బిడ్డ దక్కలేదు. ఆ ఇంటివారు మాత్రము తరువాత లోపలికి పిలిచేవారు. మిగిలిన ఇండ్లు ఒక్కొక్కటిగా, కొన్ని ఎన్నటికీ కాదు.

ఆమె ఆ కేంద్రములో పదకొండు సంవత్సరాలు పనిచేసింది. ఆ ఊరు మా పాస్టరేటు సరిహద్దులోనిదే. అటువైపు కూటములకు వెళ్ళినప్పుడు మేము రెండుసార్లు ఆమె ఇంట భోజనము చేశాము. ఆమెతో కలిసి ఆ వీధుల్లో ఒక్క ఇంటికి వెళ్ళలేదు.